అమ్మ చీరలతో బొంతలు కుట్టి పంచాలనుకుంటున్నా, ఒకటి బడి గోడకు. సలహా ఇవ్వండి

హంద్రీఒడ్డు | నవంబరు 16
అందరికీ నమస్కారం, మాది కర్నూలు. మా అమ్మ పోయి జనవరి చివరికి ఏడాది అవుతుంది. ఆమె బీరువా ఇన్నాళ్ళూ తీయబుద్ధి కాలేదు, మొన్న ఇల్లు దులుపుతూ తీశాను. నలభై చీరలు ఉన్నాయి. నేను నాలుగు, చెల్లెలు నాలుగు ఉంచుకుంటున్నాం. మిగతా ముప్పై రెండూ మూట కట్టి ఎవరికో ఇచ్చేయడానికి మనసు రావట్లేదు. మా జేజి ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మిద్దె మీద బొంతలు కుట్టేది, అది గుర్తొచ్చి, వీటన్నిటినీ బొంతలు చేసి సంవత్సరికం లోపల అవసరమున్న వాళ్ళకు ఇద్దామనుకుంటున్నాను. ఇరవై బొంతలు కావాలని నా ఆశ. ఇంకొకటి, అమ్మ ఇరవై రెండేళ్ళు ఒకే ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పింది, అక్కడి హెడ్మాస్టరు గారు ఒక బొంత హాల్లో గోడకు వేలాడదీస్తామన్నారు.
నాకు గుండీలు కుట్టడం, ఫాల్ వేయడం తప్ప పెద్దగా రాదు. లోపల దూది పెట్టాలా? ఒక బొంతకు ఎన్ని చీరలు? ఆస్పత్రికి ఇస్తే మంచిదా, వృద్ధాశ్రమానికా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పత్తికొండ_పెద్దమ్మ | నవంబరు 16
తల్లీ, మంచి పని తలపెట్టినావు. ముందు లెక్క చెప్తాను, లెక్క తెలిస్తే భయం పోతుంది. మామూలు చీర ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. దాన్ని పొడవులో మూడు మడతలు వేస్తే ఆరు అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు వస్తుంది. ఒక మనిషి పడుకోవడానికి సరిగ్గా అదే కొలత, మన పెద్దోళ్ళు టేపు లేకుండా కుట్టింది ఇట్లనే. ఒక చీరకు మూడు పొరలు, రెండు చీరలకు ఆరు పొరలు. చేత్తో కుట్టడానికి ఆరు పొరలు చాలు, అంతకు మించితే సూది దిగదు, వేళ్ళు పుండ్లు పడతాయి. మీ జేజి కాలంలో ఎనిమిది గజాలవి, తొమ్మిది గజాలవి కట్టేవాళ్ళు కాబట్టి అప్పట్లో ఒకటిన్నర చీరకే బొంత అయ్యేది.
ముప్పై రెండిట్లో నూలువి ఎన్ని? అది చెప్పు ముందు. సిల్కు, జార్జెట్, నైలాన్ కలిపావంటే ఒకటి గుంజుకుంటుంది ఒకటి గుంజుకోదు, రెండు ఉతుకులకే బొంత ఉబ్బెత్తుగా ముడతలు పడుతుంది.

హంద్రీఒడ్డు | నవంబరు 16
ఇప్పుడే లెక్కపెట్టాను పెద్దమ్మా. నూలువి ఇరవై నాలుగు. సింథటిక్ ఐదు, ధర్మవరం పట్టువి మూడు. అంటే పన్నెండు బొంతలే అవుతాయన్నమాట. ఇరవై అనుకున్నాను.

పత్తికొండ_పెద్దమ్మ | నవంబరు 16
పన్నెండు తక్కువ కాదమ్మా. ఒక్కో బొంతకు వరుసకు వరుసకు మధ్య ఒకటిన్నర అంగుళం పెట్టుకుంటే ముప్పై వరుసలు, ఒక్కో వరుస ఆరడుగులు, మొత్తం నూట ఎనభై అడుగుల కుట్టు. కొత్త చెయ్యి గంటకు పది అడుగులు కుడితే గొప్ప. రోజుకు మూడు గంటలు కూర్చున్నా ఒక బొంతకు వారం పడుతుంది. నీ దగ్గర పది వారాలు ఉన్నాయి. ఒక్కదానివే కూర్చోవద్దు, ఇంకో ఇద్దరిని పిలుచుకో.
పట్టుచీరలు మాత్రం కత్తెర పెట్టొద్దు. పాత పట్టు మడతల దగ్గర చీలుతుంది, జరీ గుచ్చుకుంటుంది, ఉతకడానికి లేదు. ఇంట్లో ఆడపిల్లలకు ఇవ్వు.

డోన్_పరుపులన్న | నవంబరు 17
దూది గురించి నేను చెప్తాను అక్కా, మాది తరతరాలుగా దూదేకే పని, మా తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి ఏకేవాడు, నేను మిషన్ పెట్టుకున్నాను. దూది పెట్టిన బొంత వెచ్చదనం వేరే, అందులో సందేహం లేదు. కానీ దూదిని ఉతకలేం. తడిస్తే ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది, మూడు నాలుగు రోజులు ఎండబెట్టినా లోపల చెమ్మ ఉండి వాసన వస్తుంది. కొన్నేళ్ళకోసారి విప్పి మళ్ళీ ఏకించాలి. ఇంట్లో వాడుకునేదైతే ఆ ఓపిక ఉంటుంది, దానం ఇచ్చినచోట ఎవరు ఏకిస్తారు? ముసలివాళ్ళు ఉండేచోట రాత్రిళ్ళు పక్క తడవడం మామూలే, అలాంటిచోట దూది బొంత ఇస్తే వారానికి బయట పారేస్తారు. నా వ్యాపారం నేనే పోగొట్టుకున్నట్టే కానీ నిజం ఇది. పంచడానికైతే ఉత్త గుడ్డ పొరల బొంతే కుట్టండి, పొద్దున ఉతికితే మన సీమ ఎండకు సాయంత్రానికి ఆరిపోతుంది.

అనంత_నర్సు | నవంబరు 17
అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను అనంతపురంలో ప్రసూతి వార్డులో పదకొండేళ్ళుగా చేస్తున్నాను. రెండు విషయాలు చెప్పాలి.
మొదటిది. చాలామంది చంటిపిల్లలకు చిన్న బొంతలు కుట్టి తెస్తారు, ముద్దుగా ఉంటాయి. ఏడాది లోపు బిడ్డ పడుకున్నచోట వదులుగా ఉండే దుప్పటి, బొంత, దిండు ఏదీ ఉండకూడదు, ముఖం మీదికి వస్తే బిడ్డ తీసేసుకోలేదు, ఊపిరాడదు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకైతే తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవడమే అన్నిటికంటే వెచ్చన. అందుకని పసిపిల్లల బొంతలు ఆస్పత్రికి వద్దు. పెద్ద పిల్లలకైతే పర్వాలేదు, గుండీలు, పూసలు, అద్దాలు లేకుండా.
రెండోది ఎవరూ ఆలోచించరు. రోగికి మంచం ఉంటుంది, పరుపు ఉంటుంది, ఆస్పత్రి దుప్పటి ఉంటుంది. రోగికి తోడు వచ్చిన మనిషికి ఏముంటుంది? కూతురు కాన్పుకు వచ్చిన తల్లి, భార్యను చేర్చిన మొగుడు, వరండాలో గచ్చు మీద కొంగు పరుచుకునో న్యూస్ పేపర్ వేసుకునో పడుకుంటారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆ గచ్చు ఐసు గడ్డలా ఉంటుంది, నైట్ డ్యూటీలో నేను రోజూ చూస్తాను. మీ అమ్మగారి బొంతలు వాళ్ళకు ఇవ్వండక్కా. పల్చగా, చుట్టి సంచిలో పెట్టుకునేలా, బరువు లేకుండా ఉంటే చాలు.
నేరుగా తీసుకొచ్చి పడేయకుండా ముందు సూపరింటెండెంట్ ఆఫీసులో గానీ హెడ్ నర్సును గానీ అడగండి. ఎన్ని కావాలి, ఎక్కడ ఉంచుతారు, ఎవరు ఉతుకుతారు అని. అడగకుండా ఇచ్చినవి స్టోర్ రూములో పడి ఉంటాయి.

కడప_కోడలు | నవంబరు 18
నేను వేరేగా మాట్లాడుతున్నానని ఏమీ అనుకోవద్దు వదినా. పోయినవాళ్ళ చీరలు బొంత చేసి ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకు ఇవ్వడం, అదీ కాన్పు వార్డులో, కొందరు బాధపడతారు. మా అత్తగారి వైపు పోయినామె బట్టలు ఇంట్లో ఉంచుకోరు, శుభకార్యం జరిగేచోటుకు అసలే తీసుకెళ్ళరు. నాకు ఆ నమ్మకం లేదు కానీ తీసుకునే ఆమెకు ఉండొచ్చు కదా. తెలియకుండా ఇస్తే అది న్యాయమేనా?

హంద్రీఒడ్డు | నవంబరు 19
మీ మాట నన్ను నిన్నంతా నిద్రపోనీయలేదు. తప్పు అనట్లేదు, నిజంగా ఆలోచించాల్సిన మాటే. అమ్మ కట్టి వదిలిన చీర ఇంకొకరికి ఇస్తూ అది నేను గొప్పగా చెప్పుకోవడం సరైందేనా అని కూడా అనిపించింది.

పాతబస్తీ_మిద్దె | నవంబరు 19
నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను, రాయను. ఇది చదివాక రాయాలనిపించింది.
2009 అక్టోబరు 2, గాంధీ జయంతి రోజు కర్నూల్లో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పాతబస్తీలోకి వచ్చాయి. మేము పక్కింటివాళ్ళ మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నాం, మా పాప అప్పుడు మూడేళ్ళది. నీళ్ళు తీశాక ఇంట్లో మోకాళ్ళ లోతు బురద. బియ్యం, బీరువా, పెళ్ళి ఫోటోలు, పరుపులు అన్నీ పోయాయి. ఆ తర్వాత లారీల్లో బట్టలు వచ్చాయి. ఇచ్చినవాళ్ళను తప్పు పట్టకూడదు కానీ, జతలేని జాకెట్లు, చిరిగిన ప్యాంట్లు, జిప్పు పోయిన సంచులు రోడ్డు మీద కుప్పగా పోసి ఉంటే అందులో వెతుక్కోవడానికి ఎంత సిగ్గేసిందో మాటల్లో చెప్పలేను. మూడో రోజు ఎక్కడో పల్లె నుంచి ట్రాక్టర్ వచ్చింది, జొన్న రొట్టెలు, ఎర్రకారం, ఒక ఇరవై బొంతలు తెచ్చారు. ఒకాయన దిగి మా పాపను చూసి ఒకటి చేతికిచ్చి, "పాత చీరలవి తల్లీ, ఉతికి ఎండబెట్టి తెచ్చినాం" అన్నాడు. పాతవే అని ముందే చెప్పాడు. అయినా అది శుభ్రంగా ఉంది, ఎండ వాసన వస్తోంది, నాలుగంచులూ గట్టిగా కుట్టి ఉన్నాయి. ఎవరో నెల రోజులు కూర్చుని కుట్టుకున్నది, వాళ్ళ ఇంట్లో మంచం మీదిది తీసి ఇచ్చారు. కుప్పలో వెతుక్కున్న బట్టలు ఒక్కటి కూడా ఇప్పుడు నా దగ్గర లేవు. ఆ బొంత ఉంది. పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, హాస్టల్‌కు అదే తీసుకెళ్ళింది.
అందుకని అక్కా, చెప్పి ఇవ్వండి. మా అమ్మ చీరలు, ఆమె పోయింది, ఉతికి కుట్టి తెచ్చాం, కావాలంటే తీసుకోండి అని. వద్దన్నవాళ్ళు వద్దంటారు, తీసుకున్నవాళ్ళు మనసారా తీసుకుంటారు.

కడప_కోడలు | నవంబరు 19
ఏడిపించారు మీరు. చెప్పి ఇవ్వడమే సరైంది, నాకు ఇంకేం అభ్యంతరం లేదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా రాజంపేట వైపు పల్లెల్లో నేనూ ఇదే చూశాను. దుప్పట్లు చాలా వచ్చాయి, కింద పరుచుకోవడానికి మాత్రం ఏదీ రాలేదు, తడి నేల మీదే పడుకున్నారు. కప్పుకోవడానికీ పరుచుకోవడానికీ పనికొచ్చేది బొంత ఒక్కటే. వదినా, కాన్పు వార్డు వద్దు, మిగతా వార్డుల దగ్గర తోడున్నవాళ్ళకు ఇవ్వండి, అంతే నా మాట.

ఆలూరు_సరిహద్దు | నవంబరు 20
మా ఊళ్ళో సగం కన్నడం సగం తెలుగు, మేము దీన్ని కౌదీ అంటాం. ఇంకా కింద, ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్ది తెగ ఆడవాళ్ళు కుట్టేవి చూశారా? వాళ్ళు ముక్కలను ముందు విడిగా జతచేసుకోరు, బయటి అంచు దగ్గర మొదలుపెట్టి ముక్క మీద ముక్క అతుకుతూ, కుడుతూ చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చివర్న నాలుగు మూలలా మడత పెట్టిన గుడ్డ పువ్వులు కుడతారు, అవి లేకపోతే బొంతకు బట్టలు లేనట్టే అంటారట. గోడకు వేసేదానికి ఇది ఆలోచించండి, చిన్న ముక్క కూడా వృథా కాదు.

డాలస్_ఆదోని | నవంబరు 20
ఆదోని అమ్మాయిని, ఇక్కడ బొంతలు కుట్టేవాళ్ళ సంఘంలో ఆరేళ్ళుగా ఉన్నాను. వేలాడదీయడం గురించి తెలిసింది చెప్తాను.
మేకులు కొట్టడం, క్లిప్పులు పెట్టడం అసలు చేయొద్దు, బరువంతా ఆ రెండు చోట్లే పడి గుడ్డ చిరుగుతుంది. వెనకవైపు పై అంచు పొడవునా నాలుగంగుళాల వెడల్పు గుడ్డ గొట్టంలా కుట్టి అందులో కర్ర దూర్చండి, బరువు సమంగా పంచుకుంటుంది. కర్రకు ముందు తెల్ల నూలుగుడ్డ చుట్టండి, చెక్కలో ఉండే జిగురు గుడ్డకు మరక వేస్తుంది. కిటికీకి ఎదురుగా వద్దు, మన ఎండకు రెండేళ్ళలో రంగు పోతుంది. మ్యూజియాల్లో బట్టలకు యాభై లక్స్ మించి వెలుతురు పెట్టరు, అంటే కాస్త మసక గది అంత. బడిలో అంత కుదరదు కానీ కనీసం ఎండ నేరుగా పడని గోడ చూడండి, ఎండాకాలం సెలవుల్లో దించి దిండుగలీబులో చుట్టిపెట్టమనండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పడుతుంది.
ఇంకో మాట. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ కోసం వాళ్ళ సొంతవాళ్ళు కుట్టిన 1,920 బొంత పలకలు మైదానంలో పరిచారు, ఒక్కోటి మూడడుగులు ఇంటూ ఆరడుగులు, మనిషి సమాధి కొలత. పోయినవాళ్ళ చొక్కాలు, బొమ్మలు, ఉత్తరాలు అందులో కుట్టి ఉన్నాయి. బొంత గోడ మీద ఉంటే వట్టి అలంకారం అనుకునేదాన్ని, అది చదివాక అనుకోవట్లేదు. మీ అమ్మగారి బొంత కింద ఏ చీర ఎప్పటిదో రాసిన గుడ్డ ఒకటి కుట్టండి. రాసేది ఇంక్ పెన్నుతో కాదు, దారంతోనో ఉతికినా పోని మార్కర్‌తోనో.

హంద్రీఒడ్డు | నవంబరు 21
గోడ బొంతకు చీరలు ఎక్కడివి, అన్నీ పంచే బొంతలకే సరిపోతాయి కదా అని ఆలోచిస్తుంటే మా చెల్లెలు చెప్పింది. ప్రతి చీర కొంగు చివర ఒక అడుగు తీస్తే మిగతాది మూడు ముక్కలు చేసినా ఒక్కోటి ఐదడుగుల ఎనిమిది అంగుళాలు ఉంటుంది, పడుకోవడానికి చాలు. ఇరవై నాలుగు కొంగులు, పది అంగుళాల చదరాలు, ఆరు వరుసలు, వరుసకు నాలుగు. అట్లా అయితే పంచిన ప్రతి బొంతలో ఉన్న చీర ముక్క బడి గోడ మీదా ఉంటుంది.

పత్తికొండ_పెద్దమ్మ | నవంబరు 21
చెల్లెలిది మంచి బుర్ర. కత్తెర పెట్టేముందు అన్నీ ఒకసారి ఉతుకు. తెల్ల గుడ్డ తడిపి ఎర్ర చీరల మీద, ముదురు నీలం మీద గట్టిగా రుద్దు, రంగు అంటితే అది లోపలి పొరకు వాడొద్దు పైపొరకూ వాడొద్దు. ఉప్పు నీళ్ళలో నానబెడితే ఆగుతుందంటారు, ఇప్పటి రంగులకు ఆగదు.
పరిచేటప్పుడు మిద్దె మీద నాలుగు మూలలా బరువు పెట్టుకుని, కింది పొర మీద ఒక్కో పొర పరిచి అరచేత్తో నడిమి నుంచి అంచులకు నిమురు. ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా చేసుకుని ఆ తర్వాతే అసలు కుట్టు. కుట్టడం నడిమి నుంచి మొదలుపెట్టు, అంచు నుంచి మొదలుపెడితే గాలి బుడగలా నడిమిన ఉబ్బుతుంది. సిద్ది వాళ్ళు అంచు నుంచి వస్తారంటే అది వాళ్ళ చేతి పనితనం, మనకు రాదు. దారానికి కొంచెం మైనం రుద్దు. దబ్బనం వద్దు, గోనెసంచి సూదికి పడిన రంధ్రం పెద్దదై గుడ్డ అక్కడే చినుగుతుంది.

ఎమ్మిగనూరు_మగ్గం | నవంబరు 22
మిషన్ మీద ఎందుకు కుట్టకూడదు? 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచుకుంటే ఆరు పొరలు పోతాయి. చేత్తో వారం పట్టేది మిషన్ మీద ఒక పూట. పన్నెండూ టైముకు అయిపోతాయి, అవసరం ఉన్నవాళ్ళకు చలికాలంలోనే చేరతాయి. ఫిబ్రవరిలో ఇస్తే ఏం లాభం?
మా ఊరి సొసైటీ దుప్పటి పాతది ఒకటి నడిమి పొరగా వేస్తే ఇంకా బాగుంటుంది. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సంఘం అది, మా నాయన అందులో నేశాడు. ఆ దుప్పట్లు ఉతికేకొద్దీ మెత్తబడతాయి. మా ఇంట్లో మూడు ఉన్నాయి, కర్నూలు బస్సులో పంపిస్తాను, అడ్రసు మెసేజ్ పెట్టండి.

పత్తికొండ_పెద్దమ్మ | నవంబరు 22
నాకు చేతికుట్టే ఇష్టం, చేతికుట్టు బొంత ఒంటికి మెత్తగా వంగుతుంది, మిషన్ కుట్టు అట్టలా బిగుస్తుంది. కానీ చలికి వణికే మనిషికి నా ఇష్టంతో పనిలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. అంచులు మిషన్ మీద వేయి, నడిమి వరుసలు చేత్తో వేయి. టైము చాలకపోతే మొత్తం మిషనే.

హంద్రీఒడ్డు | డిసెంబరు 14
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. ఐదు అయ్యాయి. మొదటిది ఎంత వంకరగా వచ్చిందంటే విప్పేసి మళ్ళీ కుట్టాను. మధ్యాహ్నం పూట నేను, చెల్లెలు, పక్కింటి అత్త, పైవాటా అమ్మాయి కూర్చుంటున్నాం. అమ్మ పంద్రాగస్టుకు ఏటా కట్టే ఆకుపచ్చ అంచు తెల్ల చీర ఒకటుంది, దానికి కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి ఆడలేదు, చెల్లెలు తీసుకుని కత్తిరించింది. ఎమ్మిగనూరు దుప్పట్లు అందాయి అన్నా, ఒకటి ఇప్పటికే లోపల పడింది.
ఆస్పత్రిలో హెడ్ నర్సును కలిశాను. అనంతపురం నర్సు గారూ, మీరు చెప్పినట్టే అన్ని ప్రశ్నలూ అడిగాను. ఆమె బొంతలు వార్డు లెక్కలో వేయొద్దంది, నేరుగా తోడున్నవాళ్ళకే ఇచ్చేసి ఇంటికి తీసుకుపోమని చెప్పండి అంది. ఉతికే బాధ్యత ఎవరిదన్న గొడవే లేదు.

హంద్రీఒడ్డు | జనవరి 3
తొమ్మిది అయ్యాయి. నిన్న రాత్రి ఎనిమిదింటికి ఏడు బొంతలు తీసుకుని వెళ్ళాం. ఎముకల వార్డు బయట వరండా. చెప్పి ఇచ్చాను. మా అమ్మవి, పోయిన జనవరిలో పోయింది, ఉతికి కుట్టాం అని. ఇద్దరు వద్దన్నారు, మర్యాదగానే అన్నారు, నేనూ బలవంతం చేయలేదు. ఐదుగురు తీసుకున్నారు. ఒక ముసలాయన, మనవడికి కాలు విరిగి పన్నెండు రోజులుగా అక్కడే ఉన్నాడట, బొంత విప్పి చూసి అంచు వేలితో తడిమి "మీ అమ్మ పేరేంది?" అని అడిగాడు. చెప్పాను. అప్పుడు కప్పుకున్నాడు.

పాతబస్తీ_మిద్దె | జనవరి 3
అక్కా, మిగిలిన కుట్టుకు నేనూ రావచ్చా? మా ఇల్లు దగ్గరే, నాకు చేతికుట్టు వచ్చు.

హంద్రీఒడ్డు | జనవరి 4
రండి. రోజూ మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీద కూర్చుంటాం. కుట్టాల్సినవి ఇంకా మూడు బొంతలు, గోడది ఒకటి ఉన్నాయి. కొంగు చదరాలు ఇరవై నాలుగూ కత్తిరించి వరుసలు పేర్చాను, తెల్ల చీరది ఎక్కడ పెట్టాలో మాత్రం మాకు తేలట్లేదు, చెల్లెలు నడిమిన అంటుంది, నేను బడి పిల్లల కళ్ళకు అందేలా కింది వరుసలో అంటున్నాను. మీరు వచ్చి చూసి చెప్పండి. సూది, దారం మా దగ్గర ఉన్నాయి, వేలికి తొడుగు ఒకటే ఉంది, మీది మీరు తెచ్చుకోండి.